సమీకరణంలో 4, 2 అని ఉంటే గ్రాములు సగం ఎందుకు కావు?

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒడిశాలోని గుణుపూర్‌లో ప్లస్ టూ మొదటి సంవత్సరం చదువుతున్నానన్నావు. 5.4 గ్రాముల అల్యూమినియం పూర్తిగా ఆక్సిజన్‌తో కలిస్తే ఎన్ని గ్రాముల అల్యూమినియం ఆక్సైడ్ వస్తుందన్నది లెక్క. సమీకరణంలో అల్యూమినియం ముందు 4, ఆక్సైడ్ ముందు 2 ఉన్నాయి కదా అని సగం చేసి 2.7 గ్రాములు వేశావు. పుస్తకం వెనక చూస్తే 10.2 అని ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో, గ్రాముల్ని మోల్‌లుగా మార్చేటప్పుడు ఎప్పుడు భాగించాలో, ఎప్పుడు గుణించాలో చెప్పమన్నావు.

ముందు జవాబు చెప్పేస్తాను. సమీకరణంలో పదార్థాల ముందు ఉండే అంకెలు మోల్‌ల నిష్పత్తి. గ్రాముల నిష్పత్తి కాదు. నువ్వు చేసిన సగం సరైనదే, కానీ గ్రాముల్ని సగం చేశావు. మోల్‌లను సగం చేయాలి. అందుకని గ్రాములు చేతికి రాగానే ముందు మోల్‌లుగా మార్చాలి, సమీకరణంలోని అంకెలు అక్కడ వాడాలి, ఆ తర్వాత మళ్లీ గ్రాముల్లోకి రావాలి.

నీ లెక్కే చేద్దాం. సమీకరణం ఇది:

4 అల్యూమినియం + 3 ఆక్సిజన్ → 2 అల్యూమినియం ఆక్సైడ్

ఒక మోల్ అల్యూమినియం 27 గ్రాములు. నీ దగ్గర ఉన్నది 5.4 గ్రాములు. 5.4 ÷ 27 = 0.2 మోల్ అల్యూమినియం. నాలుగుకి రెండు కాబట్టి ఇప్పుడు సగం చెయ్యి: 0.1 మోల్ ఆక్సైడ్. ఒక మోల్ ఆక్సైడ్‌లో అల్యూమినియం రెండు, ఆక్సిజన్ మూడు. 2 × 27 = 54, 3 × 16 = 48, కలిపితే 102 గ్రాములు. 0.1 × 102 = 10.2 గ్రాములు. పుస్తకం జవాబు అదే.

జవాబు సరిచూసుకోవడం ఇంకా ముఖ్యం. ఆక్సిజన్ ఎంత పట్టింది? నాలుగుకి మూడు చొప్పున 0.2 మోల్ అల్యూమినియానికి 0.15 మోల్. ఆక్సిజన్ వాయువు మోల్ 32 గ్రాములు, కాబట్టి 4.8 గ్రాములు. 5.4 + 4.8 = 10.2. రెండు వైపులా తూకం సరిపోయింది. నీ 2.7 ని ఈ కంటితో చూడు. 5.4 గ్రాముల లోహానికి బయటినుంచి ఆక్సిజన్ వచ్చి చేరింది. చేరాక బరువు పెరగాలి కదా, సగానికి ఎలా పడిపోతుంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే పుస్తకం వెనక చూడకుండానే తప్పు తెలిసేది.

ఇక భాగించడం, గుణించడం సంగతి. మా ట్యూషన్‌కి వచ్చే పిల్లలు చాలామంది ఒక త్రిభుజం గీసి పైన గ్రాములు, కింద మోల్‌లు అని బట్టీ పట్టి వస్తారు. పరీక్ష హాల్లో టెన్షన్ పడగానే ఆ త్రిభుజం తలకిందులవుతుంది. దాని బదులు హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్దాం.

ఇంటికి తలుపులు పెట్టిస్తున్నారనుకో. ఒక్కో బందుకి ఆరు స్క్రూలు. ఒక బందు 50 గ్రాములు, ఒక స్క్రూ 3 గ్రాములు తూగుతాయి. కొట్టులో అన్నీ తూకానికే ఇస్తారు. నువ్వు 500 గ్రాముల బందులు కొన్నావు. ఎన్ని గ్రాముల స్క్రూలు అడగాలి? ఒకటికి ఆరు కదా అని 500 ని ఆరుతో గుణిస్తే మూడు కిలోలు, అంటే వెయ్యి స్క్రూలు! వడ్రంగి ఏం చేస్తాడు? 500 గ్రాముల్ని 50 తో భాగిస్తే పది బందులు. పది బందులకి అరవై స్క్రూలు. అరవైని 3 తో గుణిస్తే 180 గ్రాములు. అతనికి ఎవరూ త్రిభుజం నేర్పలేదు. మొత్తం తూకాన్ని ఒక్కదాని తూకంతో భాగిస్తే ఎన్ని ఉన్నాయో వస్తుంది, సంఖ్యని ఒక్కదాని తూకంతో గుణిస్తే మొత్తం తూకం వస్తుంది. ఇక్కడ 'ఒక్కటి' అన్నచోట 'ఒక మోల్' అనుకో. అంతకుమించి సూత్రం లేదు.

మరి ఒక్కో పరమాణువుని లెక్కపెట్టకుండా మోల్ అనే పెద్ద గుంపు ఎందుకు? ఒక్క పరమాణువుని తూచే తక్కెడ మన బల్ల మీద ఉండదు. అందుకే తూచగలిగినంత పెద్ద గుంపుకి పేరు పెట్టుకున్నారు. డజను అంటే 12 అయినట్టే, మోల్ అంటే 6.02214076 × 10²³. ఒకప్పుడు 12 గ్రాముల కార్బన్-12 లో ఎన్ని పరమాణువులుంటే అన్ని అని నిర్వచించేవారు. 2019 మే 20 నుంచి ఆ సంఖ్యనే నేరుగా నిర్వచనం చేశారు. మన లెక్కలకి దీనివల్ల ఏ తేడా రాదు. పాత పుస్తకంలో ఒకలా, కొత్త పుస్తకంలో ఒకలా కనిపిస్తే కంగారు పడొద్దని చెప్తున్నానంతే.

మన ప్రాంతపు పిల్లలకి ఒక అదనపు కష్టం ఉంది, అది నేను రోజూ చూస్తున్నాను. ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా బడిలో ఒడియా, ప్లస్ టూలో హఠాత్తుగా ఇంగ్లీషు. మోల్, మాలిక్యూల్, మోలార్, మోలాల్ అన్నీ ఒకేలా వినిపిస్తాయి. ఒక పని చెయ్యి. అణువు, పరమాణువు అన్న మాటలు మనకీ ఒడియాకీ ఒకటే, అవి నీకు బడి నుంచే తెలుసు. మాలిక్యూల్ అన్న ప్రతి చోటా మనసులో అణువు అనుకో. మోల్ అన్నచోట గుంపు అనుకో. 'ఒక అణువు నీరు' అంటే కంటికి ఆనని ఒక్క కణం. 'ఒక మోల్ నీరు' అంటే 18 గ్రాములు, ఓ పెద్ద గుక్కెడు. ఈ రెండూ కలగాపులగం కాకపోతే సగం చిక్కు విడిపోయినట్టే.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెప్తాను, ఇందులోంచే నేను నేర్చుకున్నాను. రాయగడలో ట్యూషన్లు మొదలుపెట్టక ముందు వేరే ఊళ్లో ఒక కాగితం మిల్లు ల్యాబులో పనిచేశాను. అక్కడ గ్రీన్ లిక్కర్ అనే ద్రావణంలో సోడియం కార్బొనేట్ ఉంటుంది. దానికి సున్నం వేసి కాస్టిక్ సోడాగా మారుస్తారు, ఆ కాస్టిక్‌తోనే మళ్లీ వెదురు, కర్ర ఉడికిస్తారు. సమీకరణం తేలికే: ఒక మోల్ సోడియం కార్బొనేట్, ఒక మోల్ కాల్షియం హైడ్రాక్సైడ్ కలిసి రెండు మోల్‌ల కాస్టిక్, ఒక మోల్ కాల్షియం కార్బొనేట్ ఇస్తాయి. ఆ కార్బొనేట్ అడుగున బురదలా దిగుతుంది. దాన్ని లైమ్ మడ్ అంటారు.

నేను చేరిన కొత్తలో ఒక ట్యాంకుకి ఎంత సున్నం కావాలో లెక్క కట్టమన్నారు. అంకెలు గుండ్రంగా చెప్తాను. ఘనపు మీటరు ద్రావణంలో 106 కిలోల సోడియం కార్బొనేట్, అంటే 1,000 మోల్‌లు. ఒకటికి ఒకటి కాబట్టి సున్నం కూడా 1,000 మోల్‌లు. ఇక్కడిదాకా సరిగ్గానే చేశాను. సమీకరణంలో కాల్షియం హైడ్రాక్సైడ్ అని ఉంది, దాని మోల్ 74 గ్రాములు. కాబట్టి 74 కిలోలు. సున్నంలో పనికొచ్చే భాగం నూటికి 80 వంతులని రిపోర్టులో ఉంది. 74 ని 0.8 తో భాగించి 92.5 కిలోలని షిఫ్ట్ పుస్తకంలో రాశాను.

ఆ షిఫ్టులో బురద అడుగుకి దిగలేదు. పైన తేటగా రావాల్సిన కాస్టిక్ ద్రావణం, దాన్నే వైట్ లిక్కర్ అంటారు, మడ్డిగా వచ్చింది. షిఫ్ట్ ఇన్‌ఛార్జి నా లెక్క చూసి ఒకే మాట అడిగారు: "ఏ సున్నం?" అప్పుడు అర్థమైంది. గోదాములో ఉన్నది గుల్ల సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్. దాని మోల్ 56 గ్రాములు. నీళ్లు తాగాకే అది హైడ్రాక్సైడ్ అవుతుంది. తక్కెడ మీద పెట్టేది గుల్ల సున్నం కాబట్టి 56 కిలోలు, దాన్ని 0.8 తో భాగిస్తే 70 కిలోలు సరిపోయేవి. నేను 22.5 కిలోలు ఎక్కువ రాశాను, దాదాపు మూడో వంతు. మిగిలిపోయిన సున్నమే బురదని దిగకుండా చేసింది.

పండక్కి ఇంటికి సున్నం వేసేటప్పుడు మీ ఇంట్లో చూసే ఉంటావు. గుల్ల సున్నం నీళ్లలో వేస్తే కుతకుత ఉడుకుతుంది. అప్పుడు జరిగేది 56 కి 18 చేరి 74 కావడమే. చూడ్డానికి రెండూ తెల్లగానే ఉంటాయి, రెండింటినీ సున్నమనే అంటారు. మోల్‌ల సంఖ్య మారదు, మోల్ బరువు మారుతుంది.

అప్పటినుంచి నేను పాటించేదీ, పిల్లలచేత పాటింపజేసేదీ ఒకటుంది. ఏ అంకె రాసినా దాని పక్కన యూనిట్, ఆ యూనిట్ పక్కన పదార్థం పేరు పూర్తిగా రాయాలి. '0.2 మోల్' అని వదిలేయకూడదు, '0.2 మోల్ అల్యూమినియం' అని రాయాలి. 'సున్నం 56' అని కాదు, '56 కిలోల గుల్ల సున్నం' అని రాయాలి. రాయడానికి రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది. నీ నోట్సులో 2.7 పక్కన 'గ్రాముల అల్యూమినియం ఆక్సైడ్' అని రాసి, 5.4 పక్కన 'గ్రాముల అల్యూమినియం' అని రాసి ఉంటే నీ కంటికే తేడా తట్టేది.

ఇదే పొరపాటు నీకు ప్లస్ టూ ప్రాక్టికల్స్‌లో ఎదురవుతుంది, ఇప్పుడే చెప్పి పెడుతున్నాను. పర్మాంగనేట్ టైట్రేషన్‌కి ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణం చేయమంటారు. సీసాలో ఉండే స్ఫటికాల్లో ఒక్కో అణువుకి రెండు నీటి అణువులు కట్టుబడి ఉంటాయి. నీరు లేకుండా మోల్ 90 గ్రాములు, నీటితో కలిపి 126. పదో వంతు మోలార్ ద్రావణం, అంటే లీటరుకి 0.1 మోల్ ఉండేది, 250 మిల్లీలీటర్లు చేయాలంటే 0.025 మోల్ కావాలి. 126 తో గుణిస్తే 3.15 గ్రాములు. 90 తో గుణించిన వాళ్లు 2.25 గ్రాములు తూచి, ఆ తర్వాత టైట్రేషన్ ఎంత శ్రద్ధగా చేసినా రీడింగ్ తప్పే వస్తుంది. మైలుతుత్తం కూడా అంతే, ఐదు నీటి అణువులతో కలిపి 249.5, నీరు పోయాక 159.5. సీసా మీది లేబుల్ చదివాకే తూకం వెయ్యి.

వాయువుల్లో ఇంకో మెలిక ఉంది. హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, క్లోరిన్ జంటగా తిరుగుతాయి. ఆక్సిజన్ పరమాణు భారం 16 అయినా వాయువు మోల్ 32 గ్రాములు. పైన నీ లెక్కలో రెండూ వాడాం, గమనించావా? ఆక్సైడ్ బరువు కట్టేటప్పుడు 16 ని మూడుసార్లు తీసుకున్నాం, వాయువు బరువు కట్టేటప్పుడు 32 తీసుకున్నాం. వాయువుని లీటర్లలో ఇస్తే 0 డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో మోల్‌కి 22.4 లీటర్లు, ఒక బార్ పీడనంలో 22.7. ప్రశ్నలో ఏది ఇచ్చారో చూసి వాడు. నీరు, స్పిరిట్ లాంటి ద్రవాలకి మాత్రం ఇది వర్తించదు.

ఇక రెండు పదార్థాలకీ గ్రాములు ఇచ్చే లెక్కలు, లిమిటింగ్ రీఏజెంట్ అంటారే, అవి. నువ్వు అడగలేదు గానీ వచ్చే వారం తప్పకుండా ఎదురవుతాయి. మళ్లీ బందుల దగ్గరికే రా. పది బందులున్నాయి, స్క్రూలు 48 ఉన్నాయి. ఎన్ని బందులు బిగించగలం? ఎనిమిదే. స్క్రూలు సంఖ్యలో ఎక్కువ, అయినా ముందు అయిపోయేవి అవే. అందుకే ఏది తక్కువ కనిపిస్తే అది ముందు అయిపోతుందనుకోవడం గ్రాముల్లోనూ తప్పే, మోల్‌లలోనూ తప్పే. ప్రతి పదార్థం మోల్‌లని దాని ముందున్న అంకెతో భాగించు. ఏది చిన్నగా వస్తే అది ముందు అయిపోతుంది.

నీ అల్యూమినియానికే ఈసారి ఆక్సిజన్ 4 గ్రాములే ఇచ్చారనుకో. అల్యూమినియం 0.2 మోల్, నాలుగుతో భాగిస్తే 0.05. ఆక్సిజన్ 4 ÷ 32 = 0.125 మోల్, మూడుతో భాగిస్తే 0.0417. ఆక్సిజన్ ముందు అయిపోతుంది. ఆ 0.0417 ని ఆక్సైడ్ ముందున్న 2 తో, తర్వాత 102 తో గుణిస్తే 8.5 గ్రాముల ఆక్సైడ్. అందులో ఆక్సిజన్ 4, అల్యూమినియం 4.5. కాబట్టి 0.9 గ్రాముల అల్యూమినియం మిగిలిపోతుంది. పెట్టింది 5.4 + 4 = 9.4, వచ్చింది 8.5 + 0.9 = 9.4. మధ్యలో 0.0417 ని 0.04 అని కుదించి ఉంటే 8.16 వచ్చేది. కుదించడం చివర ఒక్కసారే చెయ్యి.

మీ కాలేజీలో ఎవరైనా షార్ట్‌కట్ చెప్పొచ్చు: 4 × 27 = 108, 2 × 102 = 204, కాబట్టి 108 గ్రాములకి 204, 5.4 కి ఎంత అని. అది తప్పు కాదు, 10.2 వస్తుంది. మిల్లుల్లోనూ ఇలాంటి ఫ్యాక్టర్లే గోడకి అంటించి ఉంటాయి. కానీ మొదటి సంవత్సరంలో అలా చేయొద్దనే చెప్తాను. ఫ్యాక్టర్ ఏ పదార్థం నుంచి ఏ పదార్థానికో తెలియకుండా వాడితే నా సున్నం లెక్కలాగే అవుతుంది. కాగితం మిల్లు రిపోర్టుల్లో క్షారాన్ని సోడియం ఆక్సైడ్ లెక్కన చూపించే పద్ధతి ఉంది. అంటే 106 కిలోల సోడియం కార్బొనేటే అక్కడ 62 కిలోలని కనిపిస్తుంది. సరుకు అంతే ఉంది, చూపించే పద్ధతి వేరు. కొత్తగా చేరిన వాళ్లు ఆ 62 ని నేరుగా 106 తో భాగించేస్తారు. మోల్‌ల మీదుగా వెళ్లడం అలవాటైన వాళ్లకి ఇది వెంటనే పట్టుబడుతుంది.

ఇదంతా పరీక్ష కోసమేనా అని నీకు అనిపించొచ్చు. కోరాపుట్ వైపు వెళ్తే దమన్‌జోడిలో నాల్కో (నేషనల్ అల్యూమినియం కంపెనీ) అల్యూమినా రిఫైనరీ ఉంది, పంచపట్మాలి కొండ మీది బాక్సైట్ అనే ఖనిజం అక్కడికి వస్తుంది. ఆ అల్యూమినాయే నీ లెక్కలోని అల్యూమినియం ఆక్సైడ్. అది అంగుల్‌లోని స్మెల్టర్‌కి రైల్లో వెళ్లి లోహమవుతుంది, అంటే నీ సమీకరణానికి ఎదురు దారి. 102 గ్రాముల ఆక్సైడ్‌లో 54 గ్రాముల లోహం ఉంది కాబట్టి టన్ను అల్యూమినియానికి సిద్ధాంతం ప్రకారం దాదాపు 1.89 టన్నుల అల్యూమినా కావాలి. అసలు పనిలో కొంత వృథా పోతుంది కాబట్టి ఇంకాస్త పడుతుంది. అల్యూమినా తయారయ్యే చివరి దశలో కూడా ఇదే లెక్క: 156 కిలోల అల్యూమినియం హైడ్రాక్సైడ్‌ని కాలిస్తే 54 కిలోల నీరు ఆవిరై 102 కిలోల అల్యూమినా మిగులుతుంది. నువ్వు నోట్సులో చేసే గుణకారాలే అక్కడ వ్యాగన్ల లెక్కలో జరుగుతాయి. నీ లెక్క గ్రాముల్లో ఉంది, వాళ్లది టన్నుల్లో ఉంది. నిష్పత్తి ఒకటే.

ఇప్పుడు నువ్వొకటి చెయ్యి. 8.4 గ్రాముల వంటసోడాని బాగా వేడి చేస్తే రెండు మోల్‌ల వంటసోడాకి ఒక మోల్ సోడియం కార్బొనేట్, ఒక మోల్ నీటి ఆవిరి, ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ చొప్పున వస్తాయి. వంటసోడా మోల్ 84 గ్రాములు, సోడియం కార్బొనేట్ 106, నీరు 18, కార్బన్ డయాక్సైడ్ 44. ఒక్కోటి ఎన్ని గ్రాములో కట్టు, ప్రతి అంకె పక్కన పదార్థం పేరు రాస్తూ. సోడియం కార్బొనేట్ 5.3 గ్రాములు రావాలి, మూడూ కూడితే మళ్లీ 8.4 కావాలి. 10.6 వచ్చిందంటే సగం చేయడం మర్చిపోయావు. ఎక్కడైనా ఆగిపోతే జవాబు ఒక్కటే కాకుండా నువ్వు వేసిన లైన్లన్నీ ఇక్కడ రాయి, ఏ లైనులో తప్పిందో చూసి చెప్తాను.